పేపర్ బ్యాచ్ టీచరమ్మ

విజయకుమారి టీచరమ్మకు ఖాళీగా కూర్చున్న మనిషిని చూస్తే ఒళ్లు మండుతుంది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. ఆవిడ బడిని వదిలింది గానీ బడి ఆవిడను వదల్లేదు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి, మా వీధి వినాయక మండపం బ్యానర్‌లో తప్పు కనిపించిందని, దగ్గరుండి మరీ కొత్త బ్యానర్ వేయించింది. కమిటీ కుర్రాళ్లు ఇప్పటికీ ఆవిడను చూస్తే చొక్కా గుండీలు పెట్టుకుంటారు.

నేను ఎదురింటి నరహరిని. యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాను కాబట్టి, ఖాళీగా కూర్చోవడంలో నాకు మంచి అనుభవం ఉంది. అందుకే మా ఇద్దరికీ పడదు. అయినా రోజూ పొద్దున తార్నాక నుంచి క్యాంపస్‌లోకి కలిసే నడుస్తాం. ఒక్కడినే నడిస్తే నేను మొదటి మలుపులోనే వెనక్కి తిరుగుతానని ఆవిడకు తెలుసు.

కిందటి వానాకాలం ఒకరోజు, నడక ముగించి ఆర్ట్స్ కాలేజీ ముందు కూర్చున్నాం. శిరీష అనే అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. అరవై దాటినవాళ్లకు పాట నేర్పితే వస్తుందా రాదా అన్నది ఆ అమ్మాయి పీహెచ్‌డీ. తన పరిశోధనకు మనుషులు కావాలట.

"అంకుల్, వారానికి రెండు క్లాసులే. అయినంక చాయ్, బిస్కెట్లు ఉంటయ్," అంది.

బిస్కెట్లు అనగానే మాతో నడిచే భూపాల్ లేచి నిలబడ్డాడు. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసినవాడు. గుసగుసగా మాట్లాడినా విద్యానగర్ దాకా వినబడుతుంది. వారాసిగూడ నుంచి వచ్చే కాశమ్మ, "పాట నేర్పుతరా? మా కోడలు చెవులు మూస్కుంటది గావచ్చు," అంటూనే పేరు రాయించుకుంది. చూస్తుండగానే నడకకు వచ్చేవాళ్లలో సగం మంది చేరిపోయారు.

టీచరమ్మ మాత్రం శిరీషను పక్కకు పిలిచింది. పిలిచింది నా పక్కకే కాబట్టి నేనూ విన్నాను.

"చిన్నప్పుడు మా ఊరి చర్చిలో నన్ను క్వయర్‌లో నిలబెట్టారమ్మా. మొదటి పాట కాగానే మాస్టారు వచ్చి, 'కుమారీ, నువ్వు పెదాలు కదుపు చాలు, గొంతు బయటికి రానీకు' అన్నారు. అప్పట్నుంచీ పెదాలే కదుపుతున్నాను. ఈ క్రిస్మస్‌కైనా క్వయర్‌లో నిలబడి నిజంగా పాడాలనుంది. అవుతుందంటావా?"

శిరీష ఆవిడ చేయి పట్టుకుని, "అయితది మేడం," అంది. నేను వేళాకోళం చేయబోయి ఆగిపోయాను. ఆ మాట అడిగేటప్పుడు ఆవిడ ముఖం టీచరు ముఖంలా లేదు.

ముందు అందరికీ ఒక పరీక్ష పెట్టారు. శిరీష కీబోర్డు మీద చిన్న రాగం వాయిస్తుంది, మనం దాన్ని తిరిగి పాడాలి, ఎంత దగ్గరగా పాడామో కంప్యూటర్ చెబుతుంది. నా విషయంలో కంప్యూటర్ చాలాసేపు ఆలోచించింది. తర్వాత చీటీలు తీయించి మమ్మల్ని రెండు బ్యాచ్‌లు చేశారు. ఒక బ్యాచ్‌కు పాట. రెండో బ్యాచ్ అదే గంటసేపు పక్క గదిలో కూర్చుని న్యూస్ పేపర్ చదవాలి. భూపాల్, కాశమ్మ, నేను పేపర్ బ్యాచ్‌లో పడ్డాం. టీచరమ్మ చీటీ విప్పి చూసుకుంది. ఆవిడదీ పేపరే.

"పోల్చి చూడనీకి పాట నేర్వనోళ్లు గూడ ఉండాలె కద మేడం," అని శిరీష నచ్చజెప్పింది. "మీరేం చేయొద్దు. ఇప్పుడు ఎట్లున్నరో అట్లనే ఉండుండ్రి. రీసెర్చ్ అయినంక మీకు గూడ నేర్పిస్తా, ప్రామిస్."

"ఆఖర్న పరీక్ష ఉందా?"

"ఉంటది. రెండు బ్యాచ్‌లకు ఒకటే టెస్ట్."

"సిలబస్ వాళ్లకి చెప్పి, పరీక్ష మాకూ పెడతారా! ఇదెక్కడి న్యాయమండీ?"

"మార్కుల కోసం కాదు మేడం."

"మార్కుల కోసం కాని పరీక్ష నేనింతవరకూ చూళ్లేదు తల్లీ," అంది టీచరమ్మ.

నాకైతే ఆ పేపర్ బ్యాచ్ స్వర్గంలా ఉండేది. ఫ్యాను కింద కుర్చీ, చేతిలో పేపరు, చివర్లో బిస్కెట్లు. కానీ గోడ అవతల పాట బ్యాచ్ సరిగమలు మొదలుపెట్టగానే టీచరమ్మకు కుర్చీలో ముళ్లు మొలిచేవి. పేపర్ తలకిందులుగా పట్టుకుని గోడనే చూసేది. కొద్ది రోజులు ఓర్చుకుంది. ఒకరోజు చాయ్ దగ్గర మా బ్యాచ్ మొత్తాన్నీ నిలబెట్టి చెప్పింది.

"సాయంత్రం అందరూ మా ఇంటికి రండి. ట్యూషన్."

"ఆ పిల్ల ఎట్లున్నోళ్లను అట్లనే ఉండుమన్నది గద మేడం," అన్నాను.

"ఎలా ఉన్నవాళ్లని అలాగే ఉంచడానికి నేను టీచర్నెందుకయ్యానండీ? నా చేతి కింది బ్యాచ్ ఫెయిలైతే నేను తలెక్కడ పెట్టుకోను?"

మేం ఆవిడ చేతి కింది బ్యాచ్ ఎప్పుడయ్యామో మాకు తెలియదు. అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేకపోయింది.

అలా తార్నాకలో మా ట్యూషన్ మొదలైంది. ఆవిడ చర్చిలో క్వయర్ నడిపే లిడియా కీబోర్డు తెచ్చి వాయించేది. మిగతాదంతా టీచరమ్మే. మొదటి పరీక్షలో ఎవరికి ఏ రాగం వచ్చిందో మా అందరి చేతా గుర్తు చేయించి, మోడల్ పేపర్ తయారు చేసింది. ఇంపార్టెంట్ రాగాలు వేరు చేసింది. భూపాల్‌ను గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, "ఇది బస్సు కాదు, నెమ్మదిగా," అని రోజూ గుర్తుచేసేది. కాశమ్మకు హోంవర్క్ ఇచ్చింది. కాశమ్మ వంట చేస్తూ సాధన చేస్తుంటే కోడలు నిజంగానే చెవులు మూసుకుందట. నేను ఒకరోజు ఎగ్గొట్టి హబ్సిగూడలో దోశ తింటుంటే టీచరమ్మ ఫోన్ చేసింది.

"నరహరి గారూ, పేరెంట్స్‌ని పిలవమంటారా?"

"నా పేరెంట్స్ ఎక్కడున్నరు మేడం, ఎన్నడో పైకి పోయిన్రు," అన్నాను.

"అయితే మీ ఆవిణ్ణి పిలుస్తాను," అంది. దోశ సగంలో వదిలేసి వచ్చాను.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు పాట వచ్చింది. స్నానాల గదిలో నా రాగం విని మా ఆవిడ రేడియో అనుకుంది.

దసరా సెలవుల ముందు ఆఖరి పరీక్ష పెట్టారు. మా బ్యాచ్ హాల్‌టికెట్లు లేని లోటు తప్ప సర్వసన్నద్ధంగా వెళ్లింది. భూపాల్ నెమ్మదిగా పాడాడు. కాశమ్మ కళ్లు మూసుకుని పాడింది. నేను పాడితే కంప్యూటర్ వెంటనే జవాబిచ్చింది. టీచరమ్మ అందరికన్నా చివర లోపలికి వెళ్లి, వెళ్లినంత వేగంగా బయటికొచ్చింది.

కాసేపటికి శిరీష లాప్‌టాప్ పట్టుకుని మెట్ల మీద కూలబడింది.

"పాట నేర్పినోళ్ల కంటే పేపర్ చదివినోళ్లు మంచిగ పాడిన్రు! పేపర్ చదివితే పాటొస్తదని రాయాల్నా నేను? ఏం చేసిన్రు మీరందరు?"

"ట్యూషన్," అన్నాడు భూపాల్ గర్వంగా. క్యాంపస్ అంతా విన్నది.

శిరీష కళ్లనీళ్లు పెట్టుకునేసరికి మా గర్వమంతా దిగిపోయింది. టీచరమ్మ ముఖం పాలిపోయింది. "పరీక్షకి చదువుకుని రావడం తప్పని నాకు తెలీదమ్మా," అంది. నిజంగానే ఆవిడకు తెలియదు. తెలిసి చేసే మనిషి కాదు.

శిరీష గైడు దయాకర్ సారు సంగతంతా విని, ముందు తిట్టి, తర్వాత పడీ పడీ నవ్వి, "జరిగింది జరిగినట్టు ఒక చాప్టర్ రాయి. ఇంకో పేపర్ బ్యాచ్‌ను వెతుక్కో. ఈసారి వాళ్ల ముందర టెస్ట్ అనే మాటే ఎత్తకు," అన్నాడట. శిరీష గండం అలా గట్టెక్కింది.

కానీ ఆ రోజు మెట్ల మీద, కళ్లు తుడుచుకుని లాప్‌టాప్ మళ్లీ చూసిన శిరీష ఒకచోట ఆగిపోయింది.

"మేడం, అందరికీ పెరిగింది. మీ ఒక్కరిదే అప్పుడెంతనో ఇప్పుడంతే ఉన్నది. ట్యూషన్ల మీరు పాడలేదా?"

అప్పుడు తట్టింది నాకు. అన్ని సాయంత్రాలు ఆవిడ మాకు తాళం వేసింది, తప్పులు పట్టింది, చెవి మెలేసింది. అందరం కలిసి పాడేటప్పుడు మా ముందు నిలబడి పెదాలు కదిపింది. ఆవిడ గొంతు ఒక్కసారి కూడా మేం వినలేదు. వినలేదని కూడా గమనించలేదు. నాకు నా మీదే కోపం వచ్చింది.

"నేను పాడితే మీరంతా శ్రుతి తప్పుతారేమోనని..." అంటూ టీచరమ్మ చీర కొంగు సర్దుకుంది.

శిరీష లాప్‌టాప్ మూసేసింది. "రీసెర్చ్ అయినంక నేర్పిస్త అన్న కద. ఇప్పుడు పాట రానిది మీకొక్కరికే. రేపటి నుంచి రాండ్రి. మీరు మాత్రమే. ఎవ్వర్నీ తీసుకరావద్దు."

క్రిస్మస్ ఉదయం నేను, భూపాల్, కాశమ్మ చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నాం. టీచరమ్మ తెల్లచీరలో క్వయర్ చివర నిలబడింది. లిడియా చేయి ఎత్తింది. పాట మొదలైంది. అందరి గొంతులూ ఒక దారిన పోతుంటే, ఒక గొంతు మాత్రం పక్కసందులోంచి గట్టిగా, ఎక్కడా ఆగకుండా పోయింది. ముందు వరసలో ఒకరిద్దరు తలలు తిప్పి చూశారు. లిడియా చేయి ఆపలేదు. కాశమ్మ బాహాటంగానే ఏడ్చింది.

ఆరాధన అయ్యాక టీచరమ్మ సూటిగా నా దగ్గరికే వచ్చింది.

"ఎలా పాడాను? నిజం చెప్పండి."

"అందరి గొంతులు ఒక తీరుగున్నయ్, మీదొక్కటే వేరుగ వినబడ్డది మేడం," అన్నాను. ఆవిడ పెట్టిన ట్యూషన్ పుణ్యమా అని శ్రుతి తప్పితే ఇప్పుడు నాకు తెలుస్తుంది.

టీచరమ్మ ముఖమంతా వెలిగిపోయింది.

"అయితే వినపడిందన్నమాట!" అంది. వచ్చే ఆదివారం పాట ఏమిటో కనుక్కోవడానికి లిడియా దగ్గరికి పరుగు లాంటి నడకతో వెళ్లిపోయింది.