నలభై అని చెప్పని లైబ్రరీ

మా ఇంట్లో గొర్రెలను లెక్కపెట్టరు. ఎన్ని ఉన్నాయని ఎవరైనా అడిగితే మా నాయన "ఉండాయిలే నాలుగు" అంటాడు. ఆ నాలుగు అరవై కావచ్చు, వంద కావచ్చు. అంకె పైకి అంటే మంద తరుగుతుందని మా అమ్మ నమ్మకం. చిన్నప్పుడు నేనొకసారి వేలు చూపిస్తూ ఒకటి, రెండు అనబోతే ఆ వేలి మీదే ఒక్కటి వేసింది. సాయంత్రం మంద తిరిగొచ్చేటప్పుడు నాయన దొడ్డి తలుపు దగ్గర నిలబడి చూస్తాడు, అంతే. ఏదైనా తక్కువైతే "బొల్లిది రాలేదు" అని కర్ర తీసుకుని వచ్చిన దారినే వెనక్కి పోతాడు. లెక్క అక్కర్లేకుండానే ఆయనకు తెలిసిపోతుందని ఇన్నేళ్లూ గర్వపడ్డాను. ఆ గర్వాన్ని తీసుకెళ్లి నేను రాసిన ప్రోగ్రాంలో పెట్టాను.

రాచర్ల దగ్గర మా ఊళ్లోనే, ముందు గదిలో కూర్చుని దూరపు కంపెనీకి ఉద్యోగం చేస్తాను. మా అమ్మ దృష్టిలో అది ఉద్యోగం కాదు, పొద్దస్తమానం టీవీ ముందు కూర్చోవడం లాంటిదే. ఆ పని కాక నాకు సొంతంగా ఇంకో పని ఉంది. ఒక పెద్ద కంప్యూటర్‌ను లోపల భాగాలు చేసి చాలా చిన్న కంప్యూటర్లలా వాడుకోవచ్చు. దొడ్డిలో దడి కట్టి ఈనిన గొర్రెలను ఒక పక్క, పొట్టేళ్లను ఒక పక్క ఉంచినట్టు. ఆ చిన్నవాటిని వర్చువల్ మెషీన్లు అంటారు. వాటిని పుట్టించడం, ఆపడం, మళ్లీ లేపడం, అక్కర తీరాక తీసేయడం, ఇవన్నీ ఒకటి రెండు వరుసల్లో చేయించడానికి ఒక లైబ్రరీ, అంటే ఎవరైనా తమ ప్రోగ్రాంలో కలుపుకుని వాడుకునే ప్రోగ్రాం, రాశాను. ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి పెట్టాను. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, తప్పుంటే దిద్ది పంపొచ్చు.

అందులో అక్కర తీరిన మెషీన్లను ఒక్కసారే తీసేసే ఆదేశం ఒకటుంది. ఏవేవి తీసేయబోతోందో పేర్లన్నీ చూపించి, తీసేయాలా వద్దా అని అడుగుతుంది. ఎక్కడో పరదేశంలో ఉన్న ఒకాయన, పేర్లతో పాటు మొత్తం ఎన్నో కూడా చూపిస్తే బాగుంటుందని రాశాడు. నాకు చురుక్కుమంది. పేర్లు చదవలేనివాళ్లకు అంకె ఏం సాయం చేస్తుందని జవాబిచ్చి ఆ మాటను అక్కడితో మూసేశాను. పది మంది మెచ్చుకుంటే మనిషికి కొంచెం తల తిరుగుతుంది. నాకు అంతమంది కూడా మెచ్చుకోకముందే తిరిగింది.

ఒకరోజు పొద్దున మార్కాపురం నుంచి ఫోన్ వచ్చింది. డిగ్రీలో నాకు కంప్యూటర్ పాఠాలు చెప్పిన మేడం. వాళ్ల కాలేజీ ల్యాబ్‌లో ఉన్న ఒకే ఒక మంచి సర్వర్‌ను, అంటే అట్లాంటి పెద్ద కంప్యూటర్‌ను, నా లైబ్రరీతోనే విడదీసి పిల్లలకు తలా ఒక మెషీన్ ఇచ్చారు. తన శిష్యురాలు రాసిందని ఆమె అందరికీ చెప్పుకునేది.

"అమ్మా, ఒకసారి రాగలవా? పిల్లోళ్ల మిషన్లు అన్నీ పోయినాయి," అంది.

గిద్దలూరు దాకా ఆటోలో పోయి, అక్కడ మార్కాపురం బస్సెక్కాను. కంభం దాటేదాకా ఏదో తీగ ఊడి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ల్యాబ్‌లోకి వెళ్లి చూస్తే తీగలన్నీ బాగానే ఉన్నాయి.

జరిగింది ఇది. సర్వర్‌లో చోటు సరిపోక, పోయిన ఏడాది పిల్లలు వదిలేసిన పన్నెండు మెషీన్లను తీసేయాలనుకుంది మేడం. వాటి పేర్లు 'ప్రాజెక్ట్' అని మొదలవుతాయి కాబట్టి, ఆ మాటతో మొదలయ్యేవన్నీ తీసేయమంది. ఈ ఏటి ఇరవై ఎనిమిది మంది మెషీన్ల పేర్లూ అట్లే మొదలవుతాయన్నది గుర్తు రాలేదు. లైబ్రరీ నలభై పేర్లూ చూపించింది. కానీ ఆ పాత మానిటర్‌లో పైవి పైకి జరిగిపోయి, కింది పన్నెండే కనబడ్డాయి. ఆ పన్నెండూ పాతవే. ఆమె ఒక్కొక్కటి జాగ్రత్తగా చదివి మరీ సరే అంది. అంతా పోయాక, వెంటనే పిల్లలకు కొత్త మెషీన్లు పుట్టించి ఇచ్చింది. పాతవి ఉన్న చోట కొత్తవి కూర్చున్నాయి. ఇక నేను మధ్యాహ్నం దాకా ఎంత తవ్వినా పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరకలేదు.

"తప్పు నాదేలే అమ్మా, పైకి జరిపి చూసుకోవాల్సింది," అంది మేడం.

అవును మేడం, పేర్లన్నీ చూపిస్తుంది కదా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అంటే బతికిపోయేదాన్ని. పక్కనే పిల్లలు నిలబడి ఉండడం వల్ల అనలేదో, నిజంగానే సిగ్గేసి అనలేదో ఇప్పటికీ చెప్పలేను.

"నాది మేడం. నలభై అని చెప్పుంటే మీరు ఆగేవాళ్లు. అది చెప్పలేదు."

చాలామంది పిల్లలు పెన్‌డ్రైవ్‌లోనో మెయిల్‌లోనో నకలు ఉంచుకున్నారు. చివరికి ఒక్క అమ్మాయి మిగిలింది. చంద్రశేఖరపురం వైపు ఊరు. వాళ్లమ్మ కూలికి పోతుంది. తన ఊళ్లో నీళ్ల ట్యాంకర్ ఏ వీధికి ఎప్పుడొస్తుందో ఫోన్‌లో ముందే చెప్పే ప్రోగ్రాం రాసుకుంటోంది. పరీక్షకు బయటి కాలేజీ వాళ్లు రావడానికి తొమ్మిది రోజులే ఉన్నాయి. అప్పటికి చూపించకపోతే ఆ ఏడాది పట్టా లేనట్టే.

"నకలు పెట్టుకోలేదా అమ్మా?"

"నాకు ల్యాప్‌టాప్ లేదక్కా. మిషన్‌లో ఉంటే భద్రం అన్నారు. అందుకే అన్నీ దాంట్లోనే పెట్టినా."

భద్రం అని మేడం అన్నది. మేడంకు ఆ మాట చెప్పింది నేను.

ఆ అమ్మాయి ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. నాలుగు నెలల పనిని తొమ్మిది రోజుల్లో తిరిగి రాయాలి, ల్యాబ్ సాయంత్రం మూసేస్తారు. మా ఇంటికొచ్చి నా రెండో ల్యాప్‌టాప్ మీద రాసుకోమన్నాను. వాళ్లమ్మ ఫోన్‌లో మా అమ్మతో మాట్లాడి, ఇంట్లో ఎవరెవరు ఉంటారో అడిగి తెలుసుకుని, సరే అంది.

వారం రోజులు మా వసారాలో కూర్చుని రాసింది. అన్నం ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేది. మా అమ్మ కూర గరిటె పట్టుకుని అంతసేపూ ఆగేది. మధ్యలో ఎక్కడైనా చిక్కుపడితే నన్ను అడిగేది కాదు, తల గోక్కుంటూ పాతది గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించేది. పక్కన కూర్చోవడం తప్ప నేను చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు.

మూడో రోజు సాయంత్రం మంద వచ్చే వేళకు లేచి వెళ్లి దొడ్డి దగ్గర నిలబడింది. వాళ్లది గొర్రెలున్న ఇల్లు కాదు, మా పట్టింపులు ఆమెకెట్లా తెలుస్తాయి? అన్నీ లోపలికి పోయాక "అరవై మూడు" అంది, గట్టిగా.

మా అమ్మ చేతిలో చేట వదిలేసి పరుగున వచ్చింది. "ఏంది తల్లీ అట్ల పైకి అంటావు? గొర్లను ఎవురన్నా లెక్కపెడతారా?"

నాయన తలుపు గడియ వేస్తూ, "ఒకటి తప్పింది పాపా. అరవై నాలుగు. కుంటిది తలుపు ఎనక నిలబడింది," అన్నాడు.

నేను దొడ్డి తలుపు దగ్గరికి పోయాను. "నాయనా, నువ్వు లెక్కపెడతావా?"

"లెక్కలేకుండా గొర్లు ఎట్ల కాస్తారమ్మా? పొద్దున ఇడిసేటప్పుడు ఒకసారి, మాపుసారి ఒకసారి."

"మరి ఎన్నడూ చెప్పలేదే?"

"పైకి అనగూడదంటారు, అనము. అడిగినోళ్లకు నాలుగంటే సరిపాయె. నాకు నేను నాలుగంటే బతుకుతానా?"

అమ్మ ఆయన మీద ఒంటికాలి మీద లేచింది, ఈయనగారే చెప్పేస్తే ఇక ఆ పిల్లను అనేదేముందని. నాకు అవేమీ వినబడలేదు. ఆయన చెప్పకపోవడాన్ని నేను ఇన్నాళ్లూ లెక్కే లేకపోవడం అనుకున్నాను. చూసి నేర్చుకున్నానని గొప్పలు పోయాను, సగమే చూశాను. నా లైబ్రరీకి కూడా లోపల లెక్క తెలుసు. పేర్లు పోగుచేసినప్పుడే అవి నలభై అని దానికి తెలుసు. తెలిసి, నోరు మూసుకుని, నలభై తీసేసింది. దాని నోరు మూయించింది నేను.

మర్నాడు పరదేశం ఆయనకు రాశాను, మీరన్నదే సరి, నేనన్నది పొగరు అని. దిద్దుబాటు నేను చేద్దామని కూర్చుంటే ఆ అమ్మాయి తన పని పక్కన పెట్టి, నేను రాస్తానక్కా అంది. ఇప్పుడు ఆ ఆదేశం పేర్లన్నిటి కిందా చివర్న మొత్తం ఎన్నో చెబుతుంది. ఊరికే సరే అంటే ఒప్పుకోదు, ఆ అంకెను మనచేతే టైప్ చేయిస్తుంది. ఆ నాలుగు వరుసలూ ఆ అమ్మాయివే.

పరీక్ష గట్టెక్కింది. బయటినుంచి వచ్చినవాళ్లు బాగుందన్నారట. సంతోషం పట్టలేక మేడం నాకు ఫోన్ చేసి, ఆ అమ్మాయికి ఇచ్చింది.

"బాగుందన్నారక్కా," అంది. తర్వాత, "మొదట రాసిందే ఇంకా బాగుండె. ట్యాంకర్ రాకపోతే ఎందుకు రాలేదో కూడా చెప్తాండె అది. ఎట్ల రాసిన్నో ఎంత తలకాయ కొట్టుకున్నా గుర్తు రాలేదు," అంది.

ఆ మొదటిదాన్ని ఆ అమ్మాయి తప్ప చూసినవాళ్లు ఎవరూ లేరు.