పెళ్లి ట్రాలీ ముందు శోకం

నా చిన్నప్పుడు రోడ్డు భద్రత అనే మాట మా ఊళ్లో ఎవరి నోటా వినలేదు. ఇప్పుడు ఆ మాట రాయని గోడ లేదు. మొన్న వనపర్తిలో ఒక అవగాహన సభ పెట్టి నన్నూ పిలిచారు. ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, వయసులో పెద్దదాన్ని, రెండు మంచి మాటలు చెబుతానని పిలిచారట. వెళ్లి చూస్తే మైదానం నిండా ఫ్లెక్సీలు, వాటి మధ్య యముడి వేషం వేసుకున్న ఒక మనిషి. అట్ట కిరీటం, కాటుక మీసం, చేతిలో గద. హెల్మెట్ లేని కుర్రాళ్లను భయపెట్టడం ఆయన పని. కుర్రాళ్లేమో ఆయన భుజం మీద చెయ్యి వేసి ఫోటోలు దిగారు. ఒకడు యముణ్ణి వెనక కూర్చోబెట్టుకుని మైదానం చుట్టూ ఒక చక్కర్ కూడా కొట్టాడు. ఇద్దరి నెత్తినా హెల్మెట్ లేదు, వేదిక మీద పెద్దలంతా చప్పట్లు!

అంతటితో అయిందా? కుర్చీలు నింపడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లను తెచ్చారు. దేంట్లో తెచ్చారనుకున్నారు? ట్రాక్టర్ ట్రాలీల్లో, మేకలను నిలబెట్టినట్టు నిలబెట్టి. రోడ్డు భద్రత సభకు! పక్కనున్న నిర్వాహకుడితో ఆ మాటే అంటే, "ఏం గాదు మేడం, దగ్గరి ఊర్లే గదా" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. నా వంతు వచ్చేసరికి భోజనాల వేళయిందని శాలువా కప్పి దింపేశారు. అక్కడ చెప్పనివ్వనిది ఇక్కడ చెబుతాను.

మా మేనత్త మా ఇంట్లోనే ఉండేది. పల్లికాయ బస్తాల లారీ పైన కూర్చుని వస్తూ ఆమె పెనిమిటి జారి పడి చనిపోయాడు. అప్పటి నుంచి ఆమె మా ఇంటి వెనక వసారాలో, మా ఇంటి చాకిరీలో బతికింది. తెల్లవారి లేస్తే పేడ తీయడం ఆమె పని, గింజలు చెరగడం ఆమె పని. శుభకార్యం వస్తే మాత్రం ముఖం చూపించకూడదు. ఎదురొస్తే అపశకునమట! ఆమె చేతి రొట్టె తిని, ఆమె ముఖం చూడకూడదనుకునే మనుషులు మా వాళ్లు. వాళ్లను నేను ఏమని పొగడను?

మా అన్న పెళ్లి కుదిరింది. పెళ్లికూతురిది బిజినేపల్లి వైపు ఊరు. మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, ఆ ఏడే ట్రాక్టర్ కొన్నాడు. ఊరికి మొదటి ట్రాక్టర్. దాన్ని కొన్న నాటి నుంచి ఆయన నేల మీద నడిచిన పాపాన పోలేదు. కల్లు దుకాణానికి కూడా ట్రాక్టర్ మీదే వెళ్లేవాడు. పెళ్లివారినంతా ట్రాలీలో తీసుకుపోతానని ఆయనే ముందుకొచ్చాడు. ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. మామిడాకులు కట్టారు, కాగితం పూలు కట్టారు, అడుగున గడ్డి పరిచి పైన జంపఖానా వేశారు. నాకు కొత్త లంగా కుట్టించారు. అది కట్టుకుని అందరికంటే ముందు నేనే ఎక్కి కూర్చున్నాను.

బయలుదేరే వేళకు చిన్నాయన వచ్చాడు. వచ్చాడనడం కంటే, గోడే ఆయనను పట్టుకుని తెచ్చిందనాలి. పొద్దున్నే కల్లు దుకాణంలో సంబరం చేసుకున్నాడు. ట్రాక్టర్ ఎక్కబోయి కాలు జారితే ఇద్దరు పట్టుకుని పైకి తోశారు. అందరూ చూశారు. మా అన్న బాసింగం కింద నుంచి చూశాడు. మా నాయన చూసి, భుజం మీది తువ్వాలు దులిపి, తలపాగా చుట్టుకోవడంలో పడ్డాడు. చుట్టాల్లో ఒక పెద్దమనిషి నవ్వుతూ, "వానికి గొంతు తడిస్తెనే చెయ్యి నిలుస్తది" అన్నాడు. ఆ మాటకు మిగతావాళ్లు తలలూపారు. అంత తెలివి మా వంశంలో తప్ప ఇంకెక్కడా ఉండదు.

మా మేనత్త ఒక్కతే వసారాలోంచి వచ్చి, తలుపు చాటునే నిలబడి మా నాయనను పిలిచింది. "అన్నా, వాడు మస్తు తాగిండు. వానికి నడ్వనీకె వస్తలేదు, బండేం నడుపుతడు? వాగు మీద వంతెనకు గోడ గూడ లేదు. పిల్లల్ని ఎక్కియ్యకు" అంది. మా నాయన వెనక్కి కూడా తిరగలేదు. "నీకెందుకే? లోపలికి పో. గిప్పుడు ఎదురు రాకు" అన్నాడు. ఆమె లోపలికి పోయింది.

చిన్నాయన ఇంజను స్టార్ట్ చేశాడు. ట్రాలీ ఒక్కసారి ఎగిరి పడింది. పిల్లలం ఒకరి మీద ఒకరం పడి నవ్వుకున్నాం. అప్పుడు వచ్చింది మా అత్త. ఈసారి తలుపు చాటున ఆగలేదు. వాకిట్లోకి వచ్చి, ట్రాక్టర్ ముందు చక్రానికి ఎదురుగా మట్టిలో కూలబడి, జుట్టు విప్పుకుని, రెండు చేతులతో నెత్తి బాదుకుంటూ శోకం మొదలుపెట్టింది. మా వైపు శోకమంటే ఉత్త ఏడుపు కాదు. పీనుగు పక్కన కూర్చుని, పోయినవాళ్లను పేరు పేరునా పిలుస్తూ రాగం తీసి పాడే ఏడుపు.

"ఓ నా తమ్ముడో, సీసల తేలి వాగుల మునిగితివి తమ్ముడో! ఓ నా అల్లుడో, బాసింగం గట్టుకొని పాడెక్కితివి అల్లుడో! ఓ నా అన్నో, ఇంటిల్లిపాదిని ఒక్క ట్రాలీల బెట్టి పంపితివి అన్నో, నిన్ను మోసెతందుకు నలుగురు మొగోల్లు మిగలకపాయెనే అన్నో!"

పెళ్లి బాజా ఆగిపోయింది. ఎవరో పోయారనుకుని ఊళ్లోవాళ్లు పరుగున వచ్చారు. చూస్తే పోయినవాళ్లంతా ట్రాలీలో బొట్లు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. మా నాయన ఉరికొచ్చి ఆమె నోరు మూయబోయాడు. ఆమె ఆయన చెయ్యి కొరికింది. మళ్లీ రాగం అందుకుని ఒక్కొక్కరినీ పేరు పెట్టి ఏడ్చింది. చివరికి నా వంతు వచ్చింది. "ఓ నా బిడ్డో, కొత్త లంగ గట్టుకొని పోతివి బిడ్డో, ఒక్కపారి ఉతకకముందే పోతివి బిడ్డో!" అప్పుడు ఆమె నన్నే చూస్తూ ఉంది. నా నవ్వు ఆగిపోయింది. లంగా చూసుకుని బావురుమన్నాను.

ముందు మా అవ్వ దిగింది. తరువాత పిల్లల తల్లులు మమ్మల్ని చంకనేసుకుని దిగారు. ఆ తరువాత మగవాళ్లు కూడా, ఎవరూ చూడనట్టు, ఒక్కొక్కరే జారుకున్నారు. గమనించండి, తాగినవాడు స్టీరింగు పట్టుకుంటే ఎవరికీ భయం లేదు. మొగుడు పోయిన ఆడది ఎదురొచ్చి ఏడిస్తే మాత్రం అందరి కాళ్లూ వణికాయి. మా వాళ్ల బుద్ధి ఎంతవరకో మా అత్తకు తెలుసు. మంచి మాట చెబితే వినలేదు కాబట్టి, వాళ్లు దేనికి వణుకుతారో అదే తెచ్చి ముందు పెట్టింది. జీవితమంతా అపశకునమని తరిమారు కదా, ఆ రోజు అపశకునమై చూపించింది.

పెళ్లికొడుకును, ముసలివాళ్లను ఎద్దుల బండ్లలో ఎక్కించి, మిగతావాళ్లం బస్సు రోడ్డు దాకా నడిచాం. ముహూర్తం దాటిపోయింది. అయ్యగారు పంచాంగం తిరగేసి ఇంకొకటి వెతికారు. మా చిన్నాయన ఖాళీ ట్రాలీ వేసుకుని మాకంటే ముందే చేరాడు. ఒంటి మీద గీత కూడా లేదు. పందిట్లో కూర్చుని పాన్ నములుతూ, "ఏమాయె? సచ్చిన్నా? చూడుండ్రి, బతికే ఉన్న గదా!" అని అందరినీ ఎగతాళి చేశాడు.

ఇంకేముంది, ఆ రోజు నుంచి మా అత్త పాపాత్మురాలైంది. మా అన్న ఇంట్లో బర్రె పాలు ఇవ్వకపోయినా ఆమె శోకమే కారణం. కోడలికి జ్వరం వచ్చినా ఆమే కారణం. మా నాయన ఆమెతో మాట్లాడడమే మానేశాడు. కొన్నేళ్లకు నా పెళ్లి వచ్చింది. అత్త ఉండాలని నేను ఎంత పట్టుబట్టినా ఆమెను ముందు రోజే చుట్టాల ఊరికి పంపించేశారు. పంపినవాళ్లెవరు? ఆ ట్రాలీలోంచి దిగినవాళ్లే. థూ!

మా అన్న పెళ్లయిన వారంలోనే ఒక మధ్యాహ్నం, వసారాలో పల్లికాయ ఒలుస్తుంటే నేనూ అందరిలాగే ఆమెను అడిగాను. "ఏం గాలేదు గదా అత్తా. ఊకెనే ఎందుకు ఏడిస్తివి?"

ఆమెకు కోపం రాలేదు. చేతిలోని కాయ చిట్లించి గింజలు నా ఒళ్లో వేసింది. "అయినంక ఏడ్వనీకె ఊరంత ఉంటది బిడ్డా. కాకముందు ఏడ్వనీకె ఒక్కరు లేకపాయిరి" అంది.

నేను బడిలో చదివినవి, చెప్పినవి చాలా మరిచిపోయాను. ఈ మాట మరిచిపోలేదు. అందుకే ఆ సభలో యముణ్ణి చూస్తే నాకు అంత అసహ్యం వేసింది. అక్కడ ఎవరికీ భయం లేదు, ఎవరి మీదా ప్రేమ కూడా లేదు. ఎవరో ఒకరు చస్తారని నోటితో చెప్పడమే తప్ప, ఆ ఎవరో తన ఇంటి బిడ్డ అని ఒక్కరూ అనుకోలేదు. అనుకుని ఉంటే ఆ ఆడవాళ్లను మళ్లీ అవే ట్రాలీల్లో ఎక్కించి పంపేవాళ్లా?

నా మనవడికి మోటారు సైకిలుంది. దోస్తుల దావత్‌లో తాగి వచ్చి, మళ్లీ ఎక్కడికో పోతానని తాళంచెవి తిప్పుతాడు. నేను పాఠం చెప్పను. వాకిట్లో బండి ముందు కూలబడి, జుట్టు విప్పుకుని, వాడి పేరు పెట్టి శోకం ఎత్తుకుంటాను. వీధి వీధంతా పోగవుతుంది. కోడలు సిగ్గుతో తలుపేసుకుంటుంది. ఎవరో ఫోన్‌లో తీసి గ్రూపులో పెడతారు. వాడు బండిని గోడకు ఆనించి, "అపశకునం ముసల్దానా, నన్ను బతికుండంగనే సంపుతున్నవ్" అని నా మీద గయ్యిమంటాడు.

అననీ. అనడానికి వాడు ఇంట్లో ఉన్నాడు.