కొకేషికి నేను చెప్పిన అర్థం

నా చిన్నప్పుడు కెనడాలోని వాటర్లూలో బేస్‌మెంట్ ఖాళీగా ఉన్న తెలుగువాళ్ల ఇల్లు కనిపించేది కాదు. ఇండియా నుంచి స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్న రోజులవి. ఒక్క గది దొరికితే నలుగురు సర్దుకునేవారు. మా బేస్‌మెంట్‌లో మాత్రం అద్దెకు ఒక్క అక్కే ఉండేది. కరీంనగర్ వైపు నుంచి వచ్చింది. పొద్దున కాలేజీ, సాయంత్రం కాఫీ షాపులో పని. ఆదివారాలు అమ్మకు వంటింట్లో సాయం చేసి మాతోనే భోంచేసేది.

నాకప్పుడు పదేళ్లు. లైబ్రరీ నుంచి సంచీ నిండా పుస్తకాలు మోసుకొచ్చేదాన్ని. బడిలో చెప్పనివన్నీ నాకు తెలుసని మహా గర్వం. ఇంటికి ఎవరొచ్చినా నాన్న నన్ను వాళ్ల ముందు నిలబెట్టి ఏదో ఒకటి చెప్పించేవాడు.

ఆ చలికాలం అమ్మకు ఏడో నెల. అంతకుముందు ఒక బిడ్డ కడుపులోనే పోయింది కనుక ఇంట్లో అందరూ ఆచితూచి మాట్లాడేవారు. జనవరి మొదటి ఆదివారం సీమంతం చేశారు. అక్క ఒక బొమ్మ తెచ్చింది. కెనడా వస్తూ టోక్యోలో విమానం మారినప్పుడు అలాంటిది దుకాణంలో చూసిందట. కొనలేక ఫోటో తీసుకుంది. ఆ ఫోటో చూస్తూ, డాలర్ షాపులో దొరికిన కొయ్యబొమ్మ మీద మూడు వారాలు రంగులు వేసింది. కాళ్లూ చేతులూ లేని ఒళ్లు, గుండ్రటి తల, గీతల్లాంటి కళ్లు, పొట్ట మీద ఎర్ర చేమంతులు. ఏటికొప్పాక లక్కబొమ్మలా ఉందని అమ్మ మురిసిపోయి ఒళ్లో పెట్టుకుంది.

అందరూ ఆ బొమ్మనే చూస్తున్నారు. నన్నెవరూ చూడటం లేదు.

నేను లేచి నిలబడి, అందరికీ అర్థం కావాలని తెలుగులోనే చెప్పాను. దీన్ని కొకేషి అంటారు, కో అంటే పిల్ల, కేషి అంటే చెరిపెయ్యడం, చచ్చిపోయిన పిల్లల గుర్తుగా చేస్తారు, నేను చదివాను అని.

అమ్మ చెయ్యి బొమ్మ మీద నుంచి జారిపోయింది.

“కడుపుతో ఉన్న మనిషికి ఇదా తెచ్చేది?” అంది నానమ్మ.

“నాకు తెల్వదు అమ్మమ్మా, మంచిగుందని వేసిన,” అంది అక్క.

“గూగుల్ చెయ్యడం కూడా రాదా తల్లీ నీకు?” అని ఒక ఆంటీ నవ్వింది. నానమ్మ చేత్తో తాకకుండా, పేపర్ టవల్‌తో బొమ్మను పట్టుకుని చెత్తసంచిలో వేసి, ఆ సంచిని బయట మంచులో పెట్టించింది. మర్నాడు నాన్న అక్కకు మెసేజ్ పెట్టాడు. చుట్టాలొస్తున్నారు, నెలాఖరుకి రూమ్ కావాలి అని. చుట్టాలెవరూ రావడం లేదు.

అక్క నన్ను మెట్ల దగ్గర ఆపింది. “బుజ్జీ, ఆ పుస్తకం ఇంకోసారి చూస్తవా? నువ్వు చెప్తే మీవోళ్లు వింటరు.”

లైబ్రరీకి వెళ్లి చూశాను. నేను చదవడం ఆపేసిన చోట పేజీ తిప్పితే మిగతాది ఉంది. ఆ అర్థం తర్వాతివాళ్లు కల్పించినదనీ, దానికి ఆధారం లేదనీ, వేడినీటి ఊటలున్న ఊళ్లలో పిల్లలు ఆడుకోవడానికి చేసిన బొమ్మలవనీ రాసి ఉంది. మూడుసార్లు చదివాను. పుస్తకం అరలో పెట్టేసి ఇంటికొచ్చాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే నాన్న నన్ను మళ్లీ ఎవరి ముందూ నిలబెట్టడని భయం.

నెలాఖరున అక్క సూట్‌కేసు లాక్కుంటూ మెట్లెక్కుతుంటే నేను తలుపు పట్టుకున్నాను. ఎనిమిది మంది ఉండే ఇంట్లో, హాల్లో ఒక పరుపు వేసుకునే చోటు దొరికిందట.

“చూసినవా?” అని అడిగింది.

“చూశానక్కా. అలాగే రాసుంది.”

అక్క సూట్‌కేసును మెట్టు మీద ఆనించింది. “నేను గూడ పోయి చదివిన, బుజ్జీ. పేజీ తిప్పి చదివిన. నేను చెప్తే రూమ్ కోసం చెప్తున్ననుకుంటరు. నువ్వు చెప్తవని చూసిన.”

గ్లవ్స్ వేసుకుని బస్ స్టాప్ వైపు వెళ్లిపోయింది.

మార్చి చివర తమ్ముడు పుట్టాడు, బొద్దుగా. అక్కకు ఫోన్ చెయ్యాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకు తోచింది. చెయ్యలేదు.

ఈ వయసులోనూ పుస్తకాలు చదువుతూనే ఉన్నాను. పదేళ్ల పిల్లను, భయపడ్డాను అని నాకు నేను చెప్పుకుంటూనే వచ్చాను. నిజమే. కానీ ఆ నెలంతా అక్క పనికి పోతూ మా వంటింటి కిటికీ ముందు నుంచే నడిచేది. రోజూ ఒకసారి ఆగి, తలెత్తి, నన్ను చూసేది.