నీలం అంచు లోటా

కుప్పం బస్టాండు బయట సాయంత్రం నాలుగయ్యేసరికి ఒక తోపుడుబండి వచ్చి నిలబడుతుంది. బండి మీద పెద్ద బాణలి, బాణలి నిండా నల్లబడిన ఇసుక, ఇసుకలో వేగుతున్న వేరుశనక్కాయలు. మొన్న కూరగాయలు కొనుక్కుని ఆ పక్కగా వస్తుంటే వేడి ఇసుక వాసన ముక్కుకు తగిలి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఒక పొట్లం కట్టమన్నాను. బండతను పొట్లం చుట్టి అందిస్తూ, మొహం పక్కకు తిప్పుకుని ఖళ్ళుఖళ్ళున దగ్గాడు. అందుకోబోయిన నా చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. పొయ్యి పొగకు దగ్గాడని నాకు తెలుసు. అయినా చెయ్యి కదలలేదు. నేను పిరికిదాన్ని, ముందే ఒప్పేసుకుంటున్నాను. అరవై దాటినా ఆ వాసనా ఆ దగ్గూ కలిసి వచ్చాయంటే చాలు, మదనపల్లెలో పదకొండేళ్ళ పిల్లనై సరోజమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి ఉంటాను.

డెబ్బైల్లో మా నాన్న చౌడేపల్లె దగ్గరి పల్లె విడిచి మదనపల్లెలో గుమాస్తాగా చేరాడు. మేం అద్దెకున్నది వరసగా నాలుగు వాటాలున్న ఇల్లు. పక్క వాటాలో సరోజమ్మ ఒక్కతే ఉండేది. నలభై ఏళ్ళుంటాయేమో. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం వీధి చివరికి వినపడేది. ఊరి బయటి క్షయ ఆసుపత్రిలో డాక్టర్ల బంగళాల్లో వంట చేసేది. అంతకు ముందు అదే ఆసుపత్రిలో ఏడాదిన్నర మంచం మీద ఉండి, నయమై లేచింది. నయమైందని ఉత్తరం రాసినా తీసుకెళ్ళడానికి మొగుడు రాలేదు, పుట్టింటివాళ్ళూ రాలేదు. ఇంకెక్కడికి పోతుంది? అక్కడే వంటింట్లో చేరి, ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గర కేకులు, బన్నులు చెయ్యడం నేర్చుకుంది. ఈ సంగతంతా వీధిలో అందరికీ తెలుసు. ఆమె ఇంట్లో ఎవరూ మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు.

మా అమ్మ రుక్మిణమ్మకైతే ఆ జబ్బు పేరెత్తితేనే వణుకు. పేరు పలికితే వచ్చేస్తుందన్నట్టు "ఆ జబ్బు" అని మాత్రమే అనేది. "ఆయమ్మ గడప తొక్కితే కాళ్ళిరగ్గొడతా సూడు. దగ్గి దగ్గి రగతం కక్కుకోని సస్తావు" అని నాకు రోజూ అన్నంతోపాటు వడ్డించేది. ఆ భయం నాకు అమ్మ చేతి ముద్దల్లోంచే వచ్చింది.

జీతం వచ్చిన మొదటి ఆదివారం నాన్న మమ్మల్ని హోటలుకు తీసుకెళ్ళేవాడు. నాన్న, అమ్మ, నేను, తమ్ముడు. పచ్చ కర్టెను కట్టిన ఫ్యామిలీ గది, ఒక్కొక్కరికి ఒక మసాలా దోసె, చివర్న కాఫీ. వేరే పిల్లలకు అది పండగ, మాకు గండం. రోగుల్ని చూడడానికి వచ్చినవాళ్ళంతా ఈ హోటళ్ళలోనే తింటారని అమ్మకు ఒకటే బెంగ. అందుకని ఇంటి నుంచి సంచిలో నాలుగు స్టీలు లోటాలు మోసుకొచ్చేది. మరచిపోయి హోటలు గ్లాసు పట్టుకున్నానా, బల్ల కింద తొడ మీద గిల్లేది. "ఏం మే, ఆ ఎంగిలి గ్లాసే కావాల్నా నీకు?" నాన్న తల దించుకుని దోసెను చిన్న చిన్న ముక్కలు చేసుకుంటూ కూర్చునేవాడు.

ఒక ఆదివారం మేం కర్టెను పక్కకు జరిపి లోపలికి వెళ్ళేసరికి చివరి బల్ల దగ్గర సరోజమ్మ ఒక్కతే కూర్చుని దోసె తింటోంది. ఆడమనిషి ఒంటరిగా హోటల్లో తినడం ఆ రోజుల్లో అదే ఒక వింత. పైగా సర్వరును కడిగేస్తోంది. "ఏమప్పా, ఇది సాంబారా, సెయ్యి కడిగిన నీళ్ళా? పోయి ఇంకో గిన్నె తే!" నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. తిట్టడం అయ్యాక ఆమె ఒళ్ళోని సంచి విప్పి, నీలం అంచున్న తెల్ల ఎనామెల్ లోటా బయటికి తీసి అందులో నీళ్ళు పోయించుకుంది. "మా, ఆయమ్మ గూడా లోటా తెచ్చుకోనుండాది సూడు" అన్నాను, గుసగుసగా అనుకునే. గది మొత్తానికి వినపడింది. అమ్మ దోసె సగంలో వదిలి లేచి బయటికి నడిచింది, వెనకాలే మేమూ. ఆ నెల మా విందు అంతటితో సరి.

శనివారం మధ్యాహ్నాల్లో రెండు వాటాల మధ్య గోడ పైనున్న గాలి కన్నంలోంచి మాకు కేకు వాసన వచ్చేది. వెన్న, చక్కెర, గుడ్డు, వాటన్నిటి వెనక వేడి ఇసుక. ఎన్ని వారాలని ఓర్చుకుంటాను? ఒక శనివారం అమ్మ పిండి మిషనుకు వెళ్ళగానే పోయి సరోజమ్మ వంటింటి బయట నిలబడ్డాను. "లోపలికి రావద్దులే పాపా, మీయమ్మ కాళ్ళిరగ్గొడతాది. ఆడే నిలబడి సూడు" అంది. గాలి కన్నంలోంచి మాకు వాసన వస్తే ఆమెకు మా మాటలు పోయేవన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ వెనక్కి మాత్రం రాలేదు.

బొగ్గుల కుంపటి మీద మందపాటి సత్తు గిన్నె, అడుగున నాలుగు వేళ్ళ మందం ఇసుక, దాని మీద పొట్టిగా కోసిన పాలపొడి డబ్బా, డబ్బాలో కేకు పిండి. గిన్నె మూత మీద కూడా నాలుగు నిప్పులు వేసింది. కొంతసేపటికి మూత దించి, కడిగి పెట్టుకున్న చీపురుపుల్ల గుచ్చి తీసి, దాన్ని వెలుగులో పెట్టి చూసి, "బంగళాల్లో ఇంత పెద్ద ఓవెన్లు ఉండాయి. ఒక్కరికన్నా ఇట్లా వస్తాదేమో అడుగు" అంది. తన కేకుల విషయంలో ఆమెకు అస్సలు వినయం లేదు. ఒక ముక్క కోసి, కాగితం మీద గడప అంచున పెట్టి, తాను నాలుగడుగులు వెనక్కు పోయి నిలబడింది. తీసుకున్నాను. తిన్నాను. అంత మెత్తటిది నా జన్మలో తినలేదు.

తిన్నంతసేపూ ఏమీ లేదు. మా వాకిట్లో అడుగు పెట్టగానే, అయిపోయింది, నాకు ఆ జబ్బు వచ్చేసింది అనుకున్నాను. మర్నాటి నుంచి ప్రతి ఉదయం పెరట్లో బూడిద కుప్ప మీద ఉమ్మి, వంగి, ఎరుపు ఉందేమోనని వెతుక్కునేదాన్ని. అన్నం సహించేది కాదు. తమ్ముడు పక్కన కూర్చుంటే దూరంగా జరిగేదాన్ని. చలికాలం కదా, మూడు వారాలకు నిజంగానే దగ్గు పట్టుకుంది. దగ్గొచ్చినప్పుడల్లా పావడ మడతల్లో మొహం దాచుకుని దగ్గేదాన్ని. చివరికి ఒకరోజు అమ్మ జడ వేస్తుంటే తట్టుకోలేక భోరున ఏడ్చి అంతా చెప్పేశాను. అమ్మ కొట్టలేదు. కొట్టినా బాగుండేది. దువ్వెన చేతిలో అలాగే పట్టుకుని గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు నా వీపు మీద గొట్టం పెట్టి విని, ఎలాగూ వచ్చారు కదా, ఇంట్లో నలుగురికీ ఎక్స్‌రే తీద్దామన్నాడు. ఫలితం వచ్చేదాకా రెండు రోజులు మా ఇంట్లో ఎవరూ గట్టిగా ఊపిరి కూడా తీయలేదు. నా ఛాతీలో ఏమీ లేదు, వట్టి జలుబు. నాన్నకూ తమ్ముడికీ ఏమీ లేదు. మచ్చ ఉన్నది అమ్మ ఊపిరితిత్తుల్లో. అది తిండి వల్ల రాదు, దగ్గేవాళ్ళ నుంచి గాలిలో వస్తుంది, సరోజమ్మకు నయమై ఎనిమిదేళ్ళయింది, ఆమె నుంచి కాదు, ఎక్కడ అంటుకుందో చెప్పలేం అని డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. అమ్మ చెవికి ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు. నేరుగా వచ్చి సరోజమ్మ వాకిట్లో నిలబడి, "నా కొంప కూల్చినావు గదే!" అని వీధి వీధంతా బయటికొచ్చేలా అరిచింది. సరోజమ్మ పిండి చేతులతో బయటికొచ్చింది. "తిట్టు రుక్మిణమ్మా, ఎంతసేపైనా తిట్టు. మాత్రలు మాత్రం ఒక్క పూట గూడా ఇడిసిపెట్టొద్దు. నన్ను సూడు, నేను సచ్చిపోతినా?"

అమ్మను ఆసుపత్రిలో చేర్చారు. నన్నూ తమ్ముణ్ణీ పుంగనూరులో పెద్దమ్మ ఇంటికి పంపారు. పెద్దమ్మకు మేమంటే ప్రాణం. ఆ ప్రాణం లాంటి పెద్దమ్మే ఏడుస్తూ మాకు పెరటి అరుగు మీద వేరే కంచాలు పెట్టింది, వేరే లోటాలు పెట్టింది. "బిందెలో ముంచొద్దమ్మా, నేనే పోస్తా" అనేది. అమ్మ చచ్చిపోతుందని, మేం జన్మంతా ఆ అరుగు మీదే తినాలని నాకు చెప్పలేనంత భయంగా ఉండేది. తమ్ముడు అడిగితే అమ్మ వచ్చేస్తుందని చెప్పేదాన్ని. నాకే నమ్మకం లేదు.

ఒక ఆదివారం సరోజమ్మ బస్సు దిగి వచ్చింది, చేతిలో కేకు డబ్బాతో. అమ్మ రెండు కిలోలు బరువు పెరిగిందని, సిస్టర్లతో పోట్లాడుతోందని చెప్పింది. "పోట్లాడతాండాదంటే బతికినట్టే" అంది. పెద్దమ్మ కేకు డబ్బాను ముట్టుకోలేదు. సరోజమ్మ అరుగు మీది మా కంచాలు చూసింది. "పిలకాయల్ని అట్లా బజారుకు తీసకపొయ్యొస్తా" అని మమ్మల్ని బస్టాండు దగ్గరి హోటలుకు తీసుకెళ్ళి పూరీలు చెప్పింది. సర్వరు మా ముందు రెండు గ్లాసుల నీళ్ళు పెట్టాడు. నా చెయ్యి ముందుకు రాలేదు. హోటల్లో ఎవరో ఒకరు మమ్మల్ని గుర్తుపట్టి, వీళ్ళమ్మకు ఆ జబ్బు, లేపండి అంటారేమోనని చుట్టూ చూస్తున్నాను.

"మా లోటాలు తెచ్చుకోలేదత్తా" అన్నాను.

"మీకు జబ్బు లేదు గదా, ఎక్స్‌రే తీసినారు గదా. ఈ గ్లాసుల్లోనే తాగండి."

"నీకూ నయమైపాయ గదా. మరి నువ్వు యాల తెచ్చుకుంటావు?"

సరోజమ్మ సంచిలోంచి నీలం అంచు లోటా తీసి బల్ల మీద పెట్టింది. "మీయమ్మ తన కోసరం తెచ్చుకుంటాది. నేను మీయమ్మ కోసరం తెచ్చుకుంటా. నేను తాగిన గ్లాసని తెలిస్తే పక్కోళ్ళకు తిన్నది లోపలికి దిగదు గదా."

"నీకు భయం లేదా అత్తా?"

"యాల లేదు? మంచం మీదున్నెప్పుడు సావంటే భయం. బయటికొచ్చినాక మనుషులంటే భయం. ఆదివారమొస్తే ఆ హోటలు మెట్లెక్కేదానికి కాళ్ళొణుకుతాయి. ఈ వారం ఎక్కకపోతే వచ్చే వారం అసలు ఎక్కలేనేమోనని ఎక్కుతా. తిను, పూరీ సల్లారిపోతాది."

కళ్ళు మూసుకుని గ్లాసు ఎత్తి గటగటా తాగేశాను. నన్ను చూసి తమ్ముడూ తాగాడు. ఎవరూ మమ్మల్ని లేపలేదు.

అమ్మ ఐదు నెలలకు ఇంటికొచ్చింది, ఇంకో ఏడాదికి పైగా మాత్రలు మింగింది, ఎనభై ఏళ్ళు బతికింది. క్షమించమని మాత్రం సరోజమ్మను ఎప్పుడూ అడగలేదు, మా అమ్మ నోట ఆ మాట రాదు. ఇంటికొచ్చాక మొదటి ఆదివారం గోడ అవతలికి వినపడేలా, "సరోజమ్మా, హోటలుకు పోతాండాము. నువ్వూ రా" అంది, అంతే. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఎవరి లోటాలో వాళ్ళు నీళ్ళు తాగారు. సాంబారును ఇద్దరూ కలిసి తిట్టారు.

కథ ఇక్కడితో అయిపోతే నాకు గౌరవంగా ఉండేది. ఎనభైల్లో నాకు పెళ్ళయి, మావారి ఉద్యోగం వల్ల కుప్పం వచ్చాం. మా వాడి మొదటి పుట్టినరోజుకు సరోజమ్మ పాలపొడి డబ్బా పట్టుకుని మదనపల్లె నుంచి వచ్చింది. నా వంటింట్లో ఇసుక కాచి కేకు చేసింది. మూత మీద నిప్పులు ఊదుతూ ఊదుతూ దగ్గింది, పొగకు. నేను చంకలోని బిడ్డతో ఒక అడుగు వెనక్కు వేశాను. అమ్మను బతికించిన మాట ఆమెది, పుంగనూరు అరుగు మీది నుంచి నన్ను లేపి తీసుకెళ్ళిన చెయ్యి ఆమెది. అన్నీ తెలుసు. అయినా కాళ్ళు వెనక్కే పడ్డాయి. ఆమె చూసింది. సంచిలోంచి నీలం అంచు లోటా తీసి, నేనిచ్చిన కాఫీని గ్లాసులోంచి దాంట్లోకి వంచుకుంది. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

"భయమేసిందా పాపా?" అంది.

"లేదత్తా."

"అబద్ధం సెప్పొద్దు. భయపడొద్దని నేనెప్పుడన్నా అంటినా? భయపడు. భయపడతానే పెట్టు. బిడ్డ నోరు తెరుసుకోని సూస్తాండాడు."

కేకు తుంచి బిడ్డ నోట్లో పెట్టాను. సగం పొడి వాడి చొక్కా మీద రాలింది. వారం రోజులు వాడి ఒళ్ళు వేడెక్కిందేమోనని తడిమి చూస్తూనే ఉన్నాను. వాడికేమీ కాలేదు. సరోజమ్మ వెళ్ళాక చూస్తే వంటింటి అల్మరాలో లోటా ఉంది, కడిగి బోర్లించి. మరచిపోయావని ఉత్తరం రాస్తే, మరచిపోలేదని, ఉంచుకోమని జవాబు రాయించింది. ఆ లోటాలో కాఫీ పోసుకుని తాగడానికి నాకు మూడేళ్ళు పట్టింది. అప్పటికి ఆమె లేదు. ఆమె ఉన్నప్పుడు, ఆమె ఎదురుగా, ఒక్కసారి తాగి ఉంటే ఎంత బాగుండేదో. ఇప్పుడు రోజూ అందులోనే తాగుతాను, ఏం లాభం?

"ఏంమా, వద్దా?" అన్నాడు బండతను. పొట్లం ఇంకా అతని చేతిలోనే ఉంది. నా చెయ్యి ఎందుకు ఆగిందో అతనికి అర్థమైనట్టుంది, చూపు బాణలి మీదికి దించుకున్నాడు. నేను చెయ్యి చాపి పొట్లం అందుకున్నాను. సంచి కింద పెట్టి, అక్కడే అతని ఎదురుగా నిలబడి, ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాను. భయమేసింది. ఇంకొకటి ఒలిచాను.

"బాగా ఏగినాయప్పా" అన్నాను.