బావమరిది అడిగిన తిట్టు

నాకు చదువు నేర్పింది పొట్లాల కాగితాలు. మూడో తరగతిలో బడి మానిపించి మా నాయన నన్ను రాయచూరులో ధాన్యం అమ్మే గంజ్ పక్కన మా కిరాణా కొట్టులో కూర్చోబెట్టాడు. శనగపప్పు కట్టే పాత పేపరు ముక్కలు చదివి తెలుగు నేర్చుకున్నాను. ఎదురుగా ఉన్న బోర్డులు చూసి కన్నడం వచ్చింది, బేరానికి వచ్చేవాళ్ళ నోటినుంచి ఉర్దూ వచ్చింది. ఇంగ్లీషు మాత్రం ఊరికే రాలేదు. అట్టలు ఊడిన నిఘంటువు ఒకటి ముందు పెట్టుకుని, ఒక్కొక్క మాటతో కుస్తీ పట్టాను. ఇంత కష్టపడి సంపాదించిన చదువు చివరికి దేనికి పనికొచ్చిందంటే, నా బావమరిది గొంతు రిపోర్టును మా ఇంట్లో అందరికంటే ముందు చదవడానికి. అందులోని జబ్బు పేరు నా నిఘంటువులో ఉంది. చిన్న అక్షరాల్లో, ఒక్క వరుస.

అతను నా భార్యకు తమ్ముడు. గంజ్‌లో వడ్ల దలాలి. మాన్వి నుంచి, పోతనాళ నుంచి బండ్లు దిగాయంటే అతని గొంతు మా కొట్టు దాకా వినపడేది. బుగ్గలో తంబాకు, భుజాన ఎర్రంచు తువ్వాల, నోట్లో ఎప్పుడూ ఎవరిమీదో ఒక ఎకసక్కెం. ఆ ఎవరో ఎక్కువగా నేనే.

బావ, బావమరిది ఎగతాళి చేసుకోవడం ఎక్కడైనా ఉన్నదే. మాది మాత్రం పెళ్ళిపీటల మీదే మొదలైంది. నేను తాళి కట్టి ఇంకా లేవకముందే, అప్పటికి పదిహేడేళ్ళ వాడు, అందరూ వినేటట్టు "మా అక్కకు రాయచూరు మొత్తంల ఈ కోతే దొరికిందా?" అన్నాడు. "కోతి ఒక్కటే అనుకుంటి, ఎనక పిల్లకోతి గూడ వస్తదని ఎవ్వరు చెప్పలే" అన్నాను నేను. ఆనాటినుంచి నలభై ఏళ్ళ పైగా మేమిద్దరం ఒకరితో ఒకరం తిన్నగా ఒక్క మాట మాట్లాడుకోలేదు. అతని తల్లి పోయిన రోజు కూడా, ఏడ్చి ఏడ్చి తలెత్తి, "బావా, నీ పంచె తిరగేసి కట్టినవ్" అన్నాడు. నిజంగానే తిరగేసి కట్టాను.

నిరుడు అతని గొంతు బొంగురుపోయింది. దుమ్ము అన్నారు, అరుపు అన్నారు. హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకుపోతే ముక్క తీసి పరీక్ష చేశారు. రిపోర్టు వచ్చాక ఇంట్లో పెద్దలంతా కూర్చుని తీర్మానం చేశారు: అతనికి చెప్పకూడదు, గొంతులో పుండు అని చెప్పాలి. నాకు ఒళ్ళు మండింది. గొంతు ఎవరిది? కోత పడేది ఎవరికి? అతనికి తెలియకుండా అతని జబ్బును మనం పంచుకోవడానికి అదేమన్నా ప్రసాదమా అని అరిచాను. "నీకేం తెలుసు, నువ్వేమన్న డాక్టర్‌వా?" అన్నారు. ఇంటికి పెద్ద అల్లుణ్ణి, ఎక్కువ మాట్లాడితే మర్యాద కాదు. నోరు మూసుకున్నాను.

ఆ మూసుకున్న నోరే గుట్టంతా బయటపెట్టింది.

మర్నాడు పొద్దున చూడటానికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. నన్ను చూడగానే, ఆ బొంగురు గొంతుతోనే, "ఏంది బావా, పొద్దుగాల్నే వచ్చినవ్? మా అక్క ఎల్లగొట్టిందా?" అన్నాడు.

మామూలుగా అయితే దానికి జవాబు నా నాలుక చివరే ఉంటుంది. ఆరోజు నేనేం చేశానంటే, అతని వీపు వెనక దిండు సర్ది, "ఎట్లున్నవయ్యా? అన్నం తింటున్నవా? పైలం" అన్నాను.

అతను పేపరు మడిచాడు.

"రిపోర్టు చదివినవ్ గదా బావా."

నేను గోడకేసి చూశాను.

"మా పెద్దకాక గుళ్ళె అర్చన చేయిస్తుండె, నాకు డౌటు రాలే. మా అక్క ఏడ్చుకుంట కండ్లల్ల నలుసు పడ్డదన్నది, నమ్మిన. నువ్వు నాకు దిండు సర్దినవ్ సూడు, గప్పుడు తెలిసింది. నా పని ఖతం."

నా చేయి పట్టుకున్నాడు. "వాళ్ళందరు ఏడ్వనీ. ఏడ్చెటోళ్ళు మస్తుమంది ఉన్నరు. నువ్వు మాత్రం నన్ను తిట్టు బావా. ఎప్పట్లెక్కనే తిట్టు. నువ్వు గూడ మర్యాదిచ్చినవనుకో, ఉన్నన్ని దినాలు నేను పీనుగ లెక్కనే ఉంటా."

సరే అన్నాను. తిట్టలేకపోయాను. నోరు తెరిస్తే చాలు, తిట్టుకు బదులు "మందేసుకున్నవా" అనే వచ్చేది. అల్లరి చేసే నా నాలుక అన్నేళ్ళుగా అతని మీదే బతికింది, అతనికి కావలసిన రోజున చచ్చిపడింది. ఆ నాలుక మీద నాకు వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు.

ఆపరేషన్ చేసి గొంతులోని మాటపెట్టె తీసేశారు. మెడ ముందు చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరి దాంట్లోనుంచే. గంజ్ మొత్తానికీ వినపడే గొంతు పోయింది. కొడుకు ఒక పలక కొనిచ్చాడు. అతను చదివింది కన్నడ బడి కాబట్టి తెలుగు మాటను కన్నడ అక్షరాల్లో రాసేవాడు. మొదటి రోజు రాసింది: "అక్కకు చెప్పు, ఇగ మనోళ్ళల్ల ఆమె ఒక్కతే గట్టిగ ఒర్రొచ్చు."

చూడటానికి వచ్చేవాళ్ళ తెలివి గురించి ఒక పుస్తకం రాయొచ్చు. మాట పోయినవాడికి చెవులు కూడా పోయాయనుకుంటారు. కొందరు పెద్దగా అరిచేవాళ్ళు, కొందరు సైగలు చేసేవాళ్ళు, కొందరు అతని మంచం పక్కనే కూర్చుని "ఎన్ని దినాలంటున్నరు?" అని ఒకరినొకరు అడిగేవాళ్ళు. నేను కర్ర తీసుకుందామా అనుకునేలోపే అతను పలక ఎత్తి చూపించేవాడు: "పోయింది గొంతు. చెవులు మంచిగనే ఉన్నయ్." ఒకాయన ఏదో ఆకు రసం తాగమని గంటసేపు చెప్పాడు. బావమరిది ఓపికగా విని రాశాడు: "నువ్వు ఎన్నిసార్లు తాగి బతికినవ్?" అందరూ నవ్వారు. అతను నవ్వలేదు, నాకేసి చూశాడు. ఇప్పుడు నీ వంతు అన్నట్టు. నేను లేచి అతని దుప్పటి సర్దాను.

ఒకసారి పలక మీద రాశాడు: "అన్ని నేనే అనాల్నా? నీకు గూడ ఆపరేషన్ అయిందా?"

ఎనిమిది నెలలకు జబ్బు మళ్ళీ వచ్చింది. హైదరాబాదులో డాక్టరు అతని ఎదురుగానే, అతని కొడుకుతో ఇంగ్లీషులో మాట్లాడాడు. జబ్బు పడ్డవాడు ఒక మూట లాగా మధ్యలో కూర్చున్నాడు. ఎంతకాలం అన్నది నాకు అర్థమైంది. నాకు అర్థమైందని బావమరిదికి అర్థమైంది. రైల్లో రాయచూరు వచ్చేదాకా పలక ముట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి గదిలో అతనొక్కడే ఉన్నాడు. వంటింట్లో నా భార్యా, అతని భార్యా బియ్యం ఏరుతున్నారు. పలక మీద "ఎన్ని నెలలు?" అని రాసి నాకు చూపించి బోర్లా పెట్టాడు. తర్వాత భుజం మీది తువ్వాల తీసి మా ఇద్దరి కుడిచేతుల మీద కప్పాడు.

పాత దలాలీలు బేరం చేసేది అట్లాగే. చుట్టూ నలుగురు ఉన్నా ధర ఎవరికీ తెలియకూడదని గుడ్డ కింద వేళ్ళు పట్టి చెప్పేవాళ్ళు. ఇప్పుడు గంజ్‌లో ధరలు కంప్యూటర్లో పడుతున్నాయి, ఆ వేళ్ళ భాష తెలిసినవాళ్ళు తగ్గిపోయారు. కానీ తువ్వాల కింద అబద్ధం ఆడకూడదన్నది వాళ్ళందరి కట్టుబాటు. అక్కడ అబద్ధమాడిన చేతిని మళ్ళీ ఎవరూ పట్టరు. అది నాకు నేర్పినవాడు అతనే. మాట పోయిన తర్వాత మేమిద్దరం సమంగా మాట్లాడుకోగలిగిన చోటు ఆ గుడ్డ కిందే మిగిలింది.

అతని చేయి నా ముందు తెరిచి ఉంది. చెప్పమని.

అతని వేళ్ళు రెండు పట్టుకున్నాను.

అతను కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. నా గుప్పిట్లోంచి ఒక వేలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. మిగిలిన ఒక్క వేలిని నా చేత గట్టిగా పట్టించి, బేరం కుదిరినప్పుడు ఊపినట్టు చేయి ఊపాడు. ఒక్కటి చాలు.

అప్పుడు నాకేమైందో తెలియదు.

"ఒరే గాడిదా! నీకు బేరం చెయ్యనొస్తదారా? గిది పెంచే బేరం రా, తగ్గించేది గాదు! నిన్ను దలాలి అన్నదెవడ్రా? నీ మొఖం జూసి వడ్లు తెచ్చినోళ్ళంత గంగల కలిసిండ్రు!"

వంటింట్లోంచి ఇద్దరు ఆడవాళ్ళూ పరుగెత్తుకొచ్చారు. "మనిషి గిట్లుంటే గట్ల తిడ్తరా? మతి ఉన్నదా మీకు?" అని నా భార్య నామీదికి వచ్చింది. బావమరిది అరచేయి ఎత్తి ఆమెను ఆపాడు. అతని భుజాలు ఊగుతున్నాయి. మెడలోని రంధ్రంలోంచి గాలి బుస్సు బుస్సుమంటోంది. ఏడుపనుకున్నాను. కాదు, నవ్వుతున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ పలక తిప్పి రాశాడు: "వచ్చింది తిట్టు. ఎనిమిది నెలలు దాటింది, చూస్తున్న."

ఆ తర్వాత ఇరవై ఆరు రోజులు. రోజూ వెళ్ళేవాణ్ణి, రోజూ తిట్టేవాణ్ణి. దారిలో ఏడ్చుకుని, గుమ్మం దగ్గర మొహం తుడుచుకుని, లోపలికి పోగానే మొదలుపెట్టేవాణ్ణి. "ఇంక పండుకునే ఉన్నవా, సోమరిపోతా?" అతను అట్లాగే పలక అందుకునేవాడు. చివరి వారం అక్షరాలు వంకరపోయాయి, నేను కూడబలుక్కుని చదివేవాణ్ణి. ఒకరోజు రాశాడు: "పాడె ముందు పట్టకు. పొట్టోడివి. జారి పడ్త."

ఒప్పుకున్న నెల నిండకుండానే పోయాడు. మోసేటప్పుడు, పెద్దవారు ముందు రావాలని నన్ను పిలిచారు. నేను పోలేదు. వెనక నిలబడి పట్టాను. ఎందుకో ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. మోసినంత దూరం నా కళ్ళు అతని కాళ్ళమీదే ఉన్నాయి, జారకుండా.

ఇప్పుడు నన్నందరూ మర్యాదగా చూస్తున్నారు. గంజ్‌కు పోతే కుర్చీ వేస్తారు. "మీరు కూర్చోండి, మీరు పెద్దవారు" అంటారు. ఆ మాట వింటే నా వీపు వెనక ఎవరో దిండు సర్దినట్టు ఉంటుంది.

మొన్న మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి అట్లాగే ఉన్నాను. నా భార్య చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను ఒక్క ఎగతాళి మాట అనని మనిషి. గరిటె పట్టుకుని నిలబడి, తమ్ముడి ధోరణిలో, గొంతు కొంచెం పెంచి, "తిను, ముసలికోతీ. అట్లనే కూసుంటే..." అన్నది.

ఆ తర్వాత ఏమనాలో ఆమెకు రాలేదు. గరిటె కింద పెట్టి నా ఎదురుగా కూర్చుంది. నేను ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నాను.