ఎమ్మిగనూరు మగ్గం దగ్గర నీలిగద్ద పంచాయితీ

నీలిగద్ద ఎవరిని పెళ్లి చేసుకోవాలి? ఈ ప్రశ్న కోసం ఆదోనిలో బస్సెక్కినవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను. చిన్నప్పుడు నెలనెలా వచ్చిన బొమ్మల కథ అది. పగలు రేడియోలు బాగుచేసే కుర్రాడు చీకటి పడితే నీలి రెక్కలు తొడుక్కుని ఊరిని కాపాడతాడు. అతనికి ఇద్దరమ్మాయిలు. గాయాలకు కట్టు కట్టి, కిటికీలో దీపం ఉంచే డాక్టర్ వకుళ ఒకరు. మేడల మీద అతనితో పోటీపడి ఎగిరే దొంగపిల్ల రజని ఇంకొకరు. ఎవరినీ చేసుకోకుండానే పుస్తకం ఆగిపోయింది. పాత బొమ్మల పుస్తకాల ఫోన్ గ్రూపులో నేను రజని పార్టీ, ఎమ్మిగనూరు సరళ వకుళ పార్టీ. ఏడాదిగా తిట్టుకుంటూ తిట్టుకుంటూ, తిట్టుకోకపోతే తోచని దాకా వచ్చాం. పోయిన వారం సరళ ఫోన్ చేసి, "మా నాయన నిన్ను సూడల్లంటాండాడు. ఆయనకు నచ్చితేనే మన పెళ్లి మాట ముందుకు పోయేది" అంది. తొమ్మిదిలో బడి మానేసి, పత్తి జిన్నింగు మిల్లు, మెకానిక్ షెడ్డు, బళ్లారి లారీ అంటూ ఏ పనిలోనూ నిలవని నన్ను ఏ నాయన మెచ్చుతాడు? భయంగానే బయలుదేరాను.

పొద్దున ఏడింటికల్లా ఆదోని బస్టాండు దగ్గర ఉగ్గాని బండి ముందు నిలబడ్డాను. తాలింపు వేసిన బొరుగుల ఉగ్గాని ఒక ప్లేటు, రెండు మిరపకాయ బజ్జీలు నలభై రూపాయలు. మీరూ ఇక్కడే తినండి, దారిలో ఇలాంటిది దొరకదు.

"ఏమప్పా సీనా, ఇస్త్రీ సొక్కా ఏసినావు, యాడికి?" అంది బండి లక్ష్మక్క.

"ఎమ్మిగనూరుకక్కా."

"సీర కొనేకా, పిల్లను సూసేకా?"

నేను బజ్జీ నోట్లో పెట్టుకున్నాను. "ఇంకోటి ఏస్తాలే, ధైర్యానికి" అని నవ్వింది.

ఎమ్మిగనూరుకు బస్సులు తరచుగానే ఉంటాయి. మంత్రాలయం బస్సు కూడా పక్కనే ఆగుతుంది, బోర్డు చూసి ఎక్కండి. టికెట్ యాభై లోపే, ప్రయాణం ఓ గంట. కిటికీ పక్కన నల్లరేగడి, పత్తిచేలు పోతూనే ఉన్నాయి. నేనేమీ చూడలేదు. ఏం పని చేస్తావని అడిగితే ఏం చెప్పాలో పెదాలతో వల్లె వేసుకుంటున్నాను.

దిగాక షేర్ ఆటోకి ఇరవై. "మగ్గాల వీధి యాడ వస్తాదన్నా?" అని అడిగాను. "సప్పుడు యాడ ఇనపడితే ఆడ దిగు" అన్నాడు డ్రైవరు. నిజంగానే టకటకలు వినబడిన చోట దిగాను.

సరళ వాళ్ల నాయన తిప్పన్న గుంటలోకి కాళ్లు దించి మగ్గం నేస్తున్నాడు. పక్కన సరళ రాట్నం మీద కండెలకు నూలు చుడుతోంది. నన్ను చూసి కళ్లతోనే పలకరించింది.

"కూసో అప్పా. నీళ్లు తాగినావా?" అన్నాడు ఆయన, చేతులు ఆపకుండా.

"తాగినానన్నా."

"ఈ పిల్లకు ఆ నీలిగద్ద పుస్తకాలు సదివి సెప్పినోణ్ని నేనే. నీది ఏ పార్టీ?"

పని గురించి అడుగుతాడనుకున్నాను. చుట్టూ చూశాను. కూర్చున్న చోటే బతుకు నేసుకునే ఇల్లు. ఎగిరే రజని పేరు చెబితే నా పని అయిపోయినట్టే అనిపించింది.

"వకుళ పార్టీ అన్నా" అన్నాను.

రాట్నం ఆగిపోయింది. "ఏడాదిగా రజని రజని అని నా పానం తీసినావు గదా! మా నాయన ముందర మారిపోయినావా?" అంది సరళ. "ఇట్లా మారేటోడివైతే పో, ఇప్పుడే బస్సుంది."

మగ్గం కూడా ఆగింది. "నిజం సెప్పప్పా. రజని ఎందుకు?" అన్నాడు తిప్పన్న.

వల్లె వేసుకున్నదేదీ పనికి రాలేదు. "మా నాయన లారీ తోలేటోడు. ఎప్పుడొస్తాడో తెలీదు. మా అమ్మ అన్నం మీద మూత పెట్టి గడప కాడ కూసునేది. వకుళ దీపం పెట్టుకోని కూసున్న బొమ్మ సూస్తే నాకు మా అమ్మే కనపడతాది. రజని అయితే పక్కనే ఎగురుతాది. ఎదురుసూసే పనే లేదు గదా."

సరళ రాట్నం మెల్లగా తిప్పుతూ అంది: "వకుళ ఊరికే కూసోలేదు. ఆ దీపం కింద సూదులు మరగబెడతా ఉంటాది, రోగుల్ని సూస్తా ఉంటాది. బొమ్మ సరిగ్గా సూడు. నాకు ఎగిరేది వద్దు, నా పని నాకుంది. నువ్వు యాడికన్నా పో. యాడుండావో సెప్పి పో, అంతే."

నీలిగద్ద గురించి మొదలైన మాట మా ఇద్దరి మీదికి ఎప్పుడు మళ్లిందో ముగ్గురిలో ఎవరూ అడగలేదు.

"సెప్పే పోతా" అన్నాను.

తిప్పన్న మళ్లీ నేత మొదలుపెట్టాడు. మధ్యాహ్నం జొన్నరొట్టె, వేరుశెనక్కాయల పచ్చడి పెట్టారు. చెప్పులు వేసుకుంటూ "వస్తానన్నా" అన్నాను.

"నన్ను అన్నా అంటే ఈ పిల్ల నీకు కూతురైతాది గదరా" అన్నాడాయన. "మామా అను."

సరళ తల ఎత్తకుండా రాట్నం గిరగిరా తిప్పింది. అందులో నూలే లేదు.

బస్టాండులో కూర్చుని ఫోన్‌లో ఉన్న ఆ పాత బొమ్మ తీసి చూశాను. దీపం కింద గిన్నెలోంచి ఆవిరి వస్తోంది. మంచం చివర ఎవరివో పాదాలు. ఇన్నేళ్లూ నేను దీపం ఒక్కటే చూశాను. ఇల్లంటే నన్ను కట్టేసే చోటనుకుని ఊళ్లు తిరిగాను. తన పనిలో తానుంటూనే నా కబురు వినాలనుకునే మనిషి ఒకరు ఉంటారని తోచనే లేదు. ఈ దారిలో వెళ్లేవాళ్లకు ఒక్క మాట: సాయంత్రం ఆదోని బస్సులు కిక్కిరిసి ఉంటాయి, ఎక్కాక ఫోన్ తీయడానికి చెయ్యి ఆడదు. ఏ బస్సులో వస్తున్నారో ఎక్కకముందే ఇంటికి చెప్పండి. నేను రెండు ఫోన్లు చేశాను, ఒకటి అమ్మకు, ఒకటి సరళకు.