కారు ఏసీలో గ్యాసు ఎక్కడికి పోయింది?

మా ఆయన అక్కకి, అంటే మా వదినకి, మెడ మీద గడ్డ తీశాక గుంటూరులో కరెంటు పెట్టించమన్నారు. డాక్టర్లు దాన్ని రేడియేషన్ అంటారు, మా వైపు అందరూ కరెంటు పెట్టడమనే అంటారు. శని ఆదివారాలు తప్ప రోజూ చిలకలూరిపేట నుంచి వెళ్ళి రావాలి. అలా ఆరు వారాలు. మా ఆయన పత్తి వ్యాపారం వదిలి రాలేరు కాబట్టి కారు నడిపేది నేను.

నాలుగో వారానికి ఆవిడ మెడ నేరేడుపండు రంగుకు తిరిగింది. చెమట పట్టకూడదు, పౌడరు వెయ్యకూడదు, ఐసు పెట్టకూడదు, తడిగుడ్డ కూడా చుట్టకూడదు. "చర్మం పగిలిందంటే కొన్నాళ్ళు ఆపేస్తామమ్మా. మధ్యలో ఆపడం మంచిది కాదు" అని అక్కడి నర్సు నాకు విడిగా చెప్పింది. సరిగ్గా ఆ వారమే, నడి మే నెలలో, మా కారు ఏసీ వేడిగాలి కొట్టడం మొదలుపెట్టింది.

అద్దె కారు పిలుద్దామంటే వదిన ఒప్పుకోలేదు. జాకెట్టు పైహుక్కులు విప్పుకుని, మెడ మీద గుడ్డ లేకుండా కూర్చోవాలి మరి. "పరాయి మగాడు అద్దంలోంచి చూస్తుంటే నేను అలా కూర్చోలేనమ్మాయ్. ఉడికితే ఉడుకుతాను" అంది.

ఏటా మా కారు ఏసీ చూసే మెకానిక్ భాయ్‌కి ఫోన్ చేశాను. పూర్తిగా వినకుండానే, "గ్యాసు అయిపోయుంటుందమ్మా" అన్నాడు.

"పోయినేడు పోసిన గ్యాసు ఏమైంది భాయ్?"

"అయిపోయింది."

"ఎలా అయిపోతుంది? దాంతో నేనేమన్నా అన్నం వండానా?"

అతను నవ్వాడు. "మీతో నేను వాదించలేనమ్మా. చీరాలలో మా చెల్లెలి కూతురి నిఖా ఉంది. సోమవారం పొద్దున్నే వచ్చేస్తా, బండి తీసుకురండి. సాయంత్రానికి ఇచ్చేస్తా."

సోమవారం తొమ్మిదింటికి మేం ఆస్పత్రిలో ఉండాలి. సాయంత్రం దాకా బండి అతని దగ్గర వదిలితే వెళ్ళేదెలా? పైగా నాకు ఈ సంగతేమిటో తేల్చుకోవాలనిపించింది. నేను బీఎస్సీలో ఫిజిక్స్ చదివాను. చదివి ముప్ఫై ఏళ్ళయినా అది వాదించడానికి పనికొస్తూనే ఉంది. ఏసీలో గ్యాసు ఖర్చు కాదు. గొట్టాల్లో తిరుగుతూ ఒకచోట వేడిని పీల్చుకుంటుంది, ఇంకోచోట వదిలేస్తుంది. ఎక్కడన్నా కారితే తప్ప తగ్గడానికి వీల్లేదు. అలాంటిది ఏటా ఎండాకాలం రాగానే ఊళ్ళో సగం కార్లకి గ్యాసు అయిపోతుంది. ఎవరూ ఎందుకని అడగరు.

శుక్రవారం ఆస్పత్రిలో వదిన లోపలికెళ్ళినప్పుడు, ఎదురుగా ఉన్న స్పేర్ పార్టుల కొట్లో గ్యాసు డబ్బా, రబ్బరు గొట్టం, దానికి తగిలించే గుండ్రటి మీటరు కొన్నాను. కొట్టతను "మెకానిక్ ఎవరండీ?" అని అడిగాడు. "నేనే" అన్నాను. డబ్బా వెనక్కి తీసుకుంటాడేమో అన్నట్టు చూశాడు.

ఆదివారం పొద్దున్న కారు బయటికి తీసి బానెట్ ఎత్తాను. మా ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. వదిన వరండాలో కుర్చీ వేసుకుంది.

"పేలదు కదా?" అన్నారు మా ఆయన.

"పేలితే ముందు నేనే పోతాను. మీరు కాఫీ తాగండి."

గొట్టాల మీద వెతికితే చిన్న నల్ల మూత దొరికింది. దాని మీద ఎల్ అని ఉంది. గ్యాసు ఎక్కించేది అక్కడే. కళ్ళద్దాలు, చేతి తొడుగులు పెట్టుకుని, ఇంజను వేసి, ఏసీ పూర్తిగా తిప్పి గొట్టం తగిలించాను. మీటరు మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులున్నాయి. గ్యాసు తక్కువైతే ముల్లు ఆకుపచ్చకి ఇవతలే ఆగాలి. అది ఆకుపచ్చ దాటి, పసుపు దాటి, ఎరుపు అంచున నిలబడింది.

"నిండా ఉందంటోందే" అన్నారు మా ఆయన, మెడ చాచి.

"నిండా ఉంటే వేడిగాలి ఎందుకొస్తుంది? ఈ మీటరు నాసిరకం."

"మీటరుతో కూడా తగాదానా?"

గొట్టం ఊడదీసి మళ్ళీ పెట్టాను. ముల్లు అక్కడే ఉంది. గ్యాసు ఎలా అయిపోతుందని భాయ్‌తో అంత వాదించినదాన్ని, తీరా మీటరు నా మాటే నిజమంటుంటే నమ్మలేదు. వేడిగాలి వస్తే గ్యాసు అయిపోయినట్టేనన్న ఊరి లెక్క నాలోనూ అంత పాతుకుపోయింది. డబ్బా పిడి రెండుసార్లు నొక్కాను.

లోపల టక్‌మని చప్పుడైంది. గ్యాసును తిప్పే కంప్రెసర్ ఆగిపోయింది. అప్పటిదాకా గోరువెచ్చగా వస్తున్న గాలి కూడా పొయ్యి ముందు గాలిలా తయారైంది.

నేను ఇంజను ఆపేశాను. మా ఆయన కాఫీ ఊదుకుంటున్నారు. ఏమన్నా అంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలనేదాన్ని. రేపు పొద్దున్న ఆ మెడని గంటసేపు ఆ ఎండలో ఎలా కూర్చోబెట్టి తీసుకెళ్ళాలో నాకు తోచలేదు.

అప్పుడు వదిన కుర్చీలోంచే అడిగింది. "అమ్మాయ్, హైవే మీద జోరుగా వెళ్ళేటప్పుడు కాస్త చల్లగానే వస్తోంది కదా? లారీల వెనక ఆగామంటేనే వేడి. గ్యాసు లేకపోతే, జోరుగా వెళ్ళినప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోంది?"

ఇది ఫిజిక్స్ చదివినదాన్ని నేను అడగాల్సిన ప్రశ్న. వదిన ఆరో తరగతితో బడి మానేసింది.

జోరుగా వెళ్ళినప్పుడు మారేది ఒక్కటే, కారు ముందు నుంచి గట్టిగా గాలి తగులుతుంది. వేడిని బయటికి వదిలే జాలీ అక్కడే ఉంటుంది. సెల్‌ఫోన్ లైటు వేసి ముందు కన్నాల్లోంచి చూశాను. జాలీ కనపడలేదు. బూడిదరంగు కంబళి కనపడింది.

మా ఇల్లు జిన్నింగ్ మిల్లు గోడ పక్కనే. పత్తి ఆడే రోజుల్లో దూది గాల్లో తేలుతూ ఉంటుంది. వారానికోసారి కిటికీల దోమతెరలు దులపకపోతే ఇంట్లోకి గాలే రాదు. పాతికేళ్ళుగా నేను తెరలు దులుపుతూనే ఉన్నాను. కారు నిలిపేది కూడా ఆ గోడ పక్కనే, అయినా దానికీ ముక్కుందని నాకు తోచలేదు.

"ఒరేయ్, ఆ ముందుభాగం ప్లాస్టిక్కు ఊడదియ్యి" అంది వదిన, మా ఆయనతో. ఆయన గ్లాసు కింద పెట్టి స్పానరు తెచ్చారు. నేను చీపురు పుల్లలు పట్టుకుని పైనుంచి గీకబోయాను.

"అలా కాదే! కిటికీకి ఎలా కొడతావు? లోపలి నుంచి బయటికి కదూ? బయటి నుంచి గీకితే ఇంకా లోపలికి పోతుంది" అంది వదిన.

జాలీ రేకుల వెనక నుంచి సన్నటి నీటిధార పెట్టాం. దూది పొరలు పొరలుగా ఊడొచ్చింది. మధ్యలో ఎర్రటి చార. మా రోడ్డు మీద వెళ్ళే మిర్చి లారీల దుమ్ము. తడికి ఘాటు లేచి ఇద్దరం తుమ్ముతూ నిలబడ్డాం. వదినని మాత్రం లోపలికి పంపేసి తలుపు వేశాం.

మళ్ళీ ఇంజను వేస్తే కంప్రెసర్ అందుకుంది. కాసేపటికి చల్లగాలి వచ్చింది. వేడి బయటికి పోతుంటే మీటరు ముల్లు దిగింది కానీ ఆకుపచ్చలోకి పూర్తిగా రాలేదు. ఆ తేడా నా రెండు నొక్కుళ్ళదే.

సోమవారం పొద్దున్నే దారిలో భాయ్ కొట్టు దగ్గర ఆపాను. అతను మిషన్ తగిలించి, ఎక్కువైన గ్యాసు కొద్దికొద్దిగా లాగేశాడు. జరిగింది చెప్పాను. అతను వంగి జాలీ చూసి, గడ్డం గోక్కున్నాడు.

"ఏటా పాతదంతా లాగేసి కొత్తది పోస్తామమ్మా. పాతది ఎంతుందో ఎప్పుడూ చూడలేదు."

"ఏసీ చల్లబడేది కదా మరి?"

"గ్యాసు పోశాక బండి కడిగిస్తాం కదమ్మా, ముందు నుంచి ప్రెషర్ నీళ్ళు కొట్టి. దాంతోనే కాస్త దారి ఇచ్చుంటుంది." తన మాటకి తనే ఆశ్చర్యపోయాడు.

హైవే ఎక్కాక వదిన మెడ మీది గుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుంది. గాలి తిన్నగా మెడకి కొట్టకుండా ఏసీ రేకులు పక్కకి తిప్పుకుంది.

"ఇంతకీ ఆ వేడంతా ఎటు పోతోందే?"

"ముందు జాలీలోంచి బయటికి. మనం చల్లగా కూర్చుంటే అది రోడ్డు మీద పడుతుంది."

"అంటే నా మెడ మంట ఆ స్కూటరు వాడికి తగుల్తోందా?" అని పక్కన వెళ్తున్నవాణ్ణి జాలిగా చూసింది.

లారీల వెనక రెండుచోట్ల ఆగాం. రెండుసార్లూ నేను చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది.

ఆస్పత్రిలో నర్సు వదిన గడ్డం ఎత్తి, మెడ అటూ ఇటూ తిప్పి, వేలితో తాకకుండా చాలాసేపు చూసింది. నేను ఎవరితోనూ వాదించకుండా నిలబడ్డాను.

"ఎక్కడా పగల్లేదు. లోపలికి రండి" అంది.